నీలానికి నేర్పిన మాట

పెద్నాయన పోయాడని ఊరి నుంచి తమ్ముడు ఫోను చేసినప్పుడు నేను గోరుచిక్కుళ్లకు నార తీస్తున్నాను. "అక్కా, తెల్లారేసరికి పోయినాడు. నిద్దర్లోనే పోయినాడంట, ఏం బాధ పళ్లేదంట," అన్నాడు. అట్లనా అన్నాను. నిద్రలో పోయాడన్న మాటకే నాకు ఒళ్లు మండింది. అంత సుఖంగా పోవడానికి ఏం పుణ్యం మూటగట్టుకున్నాడని! గోరుచిక్కుళ్లు మొత్తం తరిగేసి, చేతులు కడుక్కుని, స్టూలు వేసుకుని అటక మీది పాత బిస్కెట్ డబ్బా దించాను. అందులో రెండే వస్తువులున్నాయి. ఒకటి మా నాయన తన పాత బెల్టు కోసి చేసిచ్చిన మెడపట్టీ. రెండోది చుట్ట చుట్టిన ఇనపతీగ. నలుగురు ఆడవాళ్లు చేరిన చోట పెళ్లినాటి చీర దాచుకున్నామని, బిడ్డ మొదటి చొక్కా దాచుకున్నామని చెప్పుకుంటారు. నేను తీగ దాచుకున్నాను. ఇల్లు మారిన ప్రతిసారీ మా ఆయన "ఈ తుప్పు ముక్క ఎందుకే?" అంటూనే ఉన్నాడు, ప్రతిసారీ అది మాతో పాటే వచ్చింది. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదని చెప్పేవాళ్లు ముందు దీన్ని చేత్తో పట్టుకుని చూసి, ఆ తర్వాత నాకు చెప్పాలి.

మా ఊరు పుత్తూరు దగ్గర. చుట్టూ మామిడి తోటలు. కాయల కాలం వచ్చిందంటే మా ఇంట్లో మనుషులకు చోటుండేది కాదు. మంచాల కింద, దేవుడి గూటి పక్కన, అటక మీద, అంతా వరిగడ్డి పరిచి బేనీషా కాయలు మాగేసేవాళ్లు. నిద్రలో పక్కకు తిరిగితే పండు వాసన, లేచి కూర్చుంటే సొన వాసన. మా అవ్వ, అంటే నాయన తల్లి, పొద్దున్నే పొయ్యి ముందు కూర్చుని సంగటి కెలికేది. చూపు తగ్గినా, నడుము వంగినా తెడ్డు మాత్రం ఇంకొకరి చేతికిచ్చేది కాదు. పక్కనే మా అమ్మ రోట్లో ఊరుబిండి పచ్చడి నూరేది. అందరికీ ముద్దలు చేశాక అవ్వ ఎప్పుడూ ఒక చిన్న ముద్ద అదనంగా చేసి పక్కన పెట్టేది. "ఎవురన్నా వస్తారు," అనేది. ఎవరో ఒకరు వచ్చేవాళ్లు. రాకపోతే ఆవుకు పెట్టేది.

రోజూ ఆ వేళకే వీధికి అటువైపు ఇంటి నుంచి పెద్నాయన వచ్చేవాడు. మా నాయనకు సొంత అన్న. తెల్ల పంచె, భుజం మీద తువ్వాలు, ఆ తువ్వాల్లో తోటలకు కొట్టే మందు వాసన. ఆయన మా ఇంటి ముందు తిన్నె మీద కూర్చుంటే, పక్కన కుర్చీ ఉన్నా మా నాయన నిలబడే మాట్లాడేవాడు. ఆయన కాఫీ తాగి లోటా కింద పెట్టేదాకా ఇంట్లో ఎవరూ గొంతెత్తేవాళ్లు కాదు. ఆయన మనుషుల్ని కొట్టడం, తిట్టడం నేను చూడలేదు. ఆయనకు ఆ అవసరం రాలేదు. నా చదువు డిగ్రీతో చాలన్నదీ ఆయనే, పుత్తూరులో టైపు నేర్చుకోవడానికి పోతే పోనీలే అన్నదీ ఆయనే. ఊళ్లో సగం తోటలు ఆయనే గుత్తకు తీసుకునేవాడు.

తోటలు గుత్తకు తీసుకునేవాళ్లకు మా వైపు ఒక అలవాటుండేది. పిందె కట్టే వేళకు ఎక్కణ్ణుంచో ఒక పడుచు కుక్కను తెచ్చి కాపలా గుడిసె దగ్గర కట్టేసేవాళ్లు. కడుపు నిండితే నిద్రపోతుందని సగం కడుపే పెట్టేవాళ్లు. మనిషి కనిపిస్తే మీదికి రావాలని కట్టెలతో పొడిచి పొడిచి పెంచేవాళ్లు. బేనీషా అయిపోయి, బెంగుళూరా కాయలు గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్లిపోయి, చివరాఖరికి నీలం కాయల లోడు కూడా కదిలాక, కాపలా మనిషి మూట కట్టుకుని తన ఊరికి పోయేవాడు. మరుసటేడు కాపుకు ఇంకో కొత్త కుక్క ఉండేది. పాత కుక్క ఏమైందన్న మాట మా ఊళ్లో ఎవరి నోటా వచ్చేది కాదు.

ఆ ఏడు నీలం కోతలు ముగిసి వానలు మొదలైన రోజుల్లో అవ్వ నన్ను పిలిచింది. "మే, పెద్దోడి తోటలో ఆకుల కింద నాలుగు నీలం కాయలేమన్నా మిగిలుండాయేమో సూసి రాపో. ఊరగాయకు కాకపోయినా పులుసుకన్నా వస్తాయి," అనింది. గోతం తీసుకుని పోయాను. కాపలా గుడిసె కప్పు అప్పటికే కూలిపోయింది. దాని వెనక చెట్టు మొదట్లో మట్టి రంగులో ఏదో పడి ఉంటే పాత గోనెపట్ట అనుకున్నాను. అది కళ్లు తెరిచింది. మెడకు ఇనపతీగ, తీగ రెండో కొస చెట్టుకు. తీగ అందినంత మేరా నేల తవ్వేసి ఉంది. మూతి అందినంత ఎత్తుకు చెట్టు బెరడు కొరికేసి ఉంది. ఆకలికి మామిడి బెరడు తినింది ఆ కుక్క. తాను తవ్విన గుంటలో వాననీళ్లు నిలబడితే అవి తాగి బతికింది. తీగ చర్మంలోకి దిగిపోయి దాని మీద కండ పెరుగుతోంది. చేతిలో కత్తి లేదు, పట్టకారు లేదు, వేళ్లతోనే మెలి విప్పాను. ఏది నా వేళ్ల రక్తమో, ఏది దాని మెడ రక్తమో తెలియలేదు. అది నన్ను కరవలేదు. దానికి కరిచే ఓపిక కూడా లేదు. తీగతో సహా గోతంలో చుట్టుకుని, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఇంటికి తెచ్చాను.

పెద్నాయన మా తిన్నె మీదే ఉన్నాడు. చేతిలో కాఫీ లోటా.

"యాడిది మే అది?" అన్నాడు.

"నీ తోటలోదే పెద్నాయనా. తీగతో కట్టేసుండాది. మర్సిపోయినట్టుండారు."

"మర్సిపోయేదేంది? నేనే కట్టేసి వచ్చినా."

"ఎందుకు?"

ఆయన నన్ను వింతగా చూశాడు. ఇంత చదివి ఈ మాత్రం తెలియదా అన్నట్టు చూశాడు. "ఇప్పితే ఎనకాలే వస్తాది గదా," అన్నాడు. ఇంకో గుక్క కాఫీ తాగాడు.

ఆ మాటలో కోపం లేదు, కసి లేదు, చివరికి విసుగు కూడా లేదు. అందుకే అది నా చెవిలో ఇప్పటికీ అట్లాగే ఉంది. మా నాయన నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. అవ్వ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి కుక్కను చూసింది, కొడుకును చూసింది. లోపలికి పోయి, ఎవరన్నా వస్తారని పక్కన పెట్టిన ముద్దను మజ్జిగలో పిసికి తెచ్చి కుక్క మూతి దగ్గర పెట్టింది. నేను ఏడుస్తానేమోనని అమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. నేను ఏడవలేదు. ఏడుపు రావలసిన చోట ఇంకేదో వచ్చి కూర్చుంది. నిన్ను వదిలిపెట్టను పెద్నాయనా అని మనసులో అనుకున్నాను. తీగను కడిగి, చుట్ట చుట్టి, నా ట్రంకుపెట్టెలో పెట్టుకున్నాను.

నీలం కాయల కోసం పోతే దొరికింది కాబట్టి నీలం అని పిలిచాను. ఆడకుక్క. ఎర్రటి ఒళ్లు, నల్లటి మూతి. మెడ పుండుకు పసుపూ వేపనూనే పూశాం. విరిగి వాచిన వెనక కాలికి మా నాయన కోడిగుడ్డు తెల్లసొన రాసి, గుడ్డ చుట్టి, తనకు తెలిసినట్టు పుత్తూరు ఎముకల కట్టు కట్టాడు. "కుక్కను ఎత్తుకోని పుత్తూరుకు పోతే, ముందు మన తలకు కట్టు కట్టి పంపిస్తారు," అన్నాడు. అన్నకు ఎదురు చెప్పలేని మనిషి, ఆ మాత్రం చేశాడు. కాలు మాత్రం కొంచెం వంకరగానే అతుక్కుంది.

ఒళ్లు కుదుటపడింది గానీ, బుర్రలో భయం కుదుటపడలేదు. చెయ్యి పైకెత్తితే ఉన్నచోటే ఉచ్చ పోసేది. ఎవరైనా లుంగీ ఎగ్గట్టుకుంటే చాలు, మూలకు పోయి గోడలో దూరాలని చూసేది. చీపురు, చెప్పు, గొడుగు, ఏది కనిపించినా అంతే. అమ్మ అయితే "పాపం, దాన్ని ఒక మూల పడి బతకనీ," అనింది. నేను ఒప్పుకోలేదు. ఒక మూల పడి ఉండడానికి కాదు నేను మోసుకొచ్చింది. ఈయన కట్టేసి చంపాలనుకున్న కుక్క ఈయన ఇంటి ముందే తలెత్తుకుని నడవాలి, ఈయన మనవళ్లకంటే బుద్ధిగా మాట వినాలి. అదీ నా పంతం.

కుక్కలకు నేర్పడం మా ఊళ్లో ఎవరికి తెలుసు? కొట్టడం ఒక్కటే తెలుసు. అవ్వ మాత్రం ఒకమాట చెప్పింది. "దూడకు కుడితి అలవాటు సేసినట్టే సెయ్ మే. తొందరపడబాకు. పేరు పిల్సినప్పుడల్లా నోటికి ఏదన్నా అందియ్యి. పేరు పెట్టి పిల్సి మాత్రం తిట్టబాకు, ఆ పేరు ఇంక పనికిరాకుండా పోతాది." ఓణీ కొంగున ఉడకబెట్టిన చెనిక్కాయలు మూటగట్టుకుని తిరిగేదాన్ని. నీలం అనడం, ఒక గింజ వేయడం. ఎదురుగా పోతే బెదిరిపోయేది కాబట్టి దానికి వీపు పెట్టి కూర్చుని, చెయ్యి వెనక్కి చాచి "రా" అనేదాన్ని. ఎంతసేపటికో వేళ్లకు తడి మూతి తగిలేది. కూర్చోవడం అనుకోకుండా వచ్చింది. సంగటి తునక దాని ముక్కు మీదుగా వెనక్కి జరిపితే, అది తల పైకెత్తి చూస్తూ చూస్తూ వెనక కూలబడింది. వెంటనే "కూకో" అని తునక నోట్లో పెట్టాను. మళ్లీ జరపడం, మళ్లీ కూకో. అది చూసి అమ్మ నెత్తి కొట్టుకుంది. "బాగుండాది సంబడం! టైపు నేర్సుకోమని బస్సు పాసు కట్టిస్తే, మహాతల్లి కుక్కకి కూకోడం నేర్పిస్తా ఉండాది," అనింది. అంటూనే ఊరుబిండికి వేయించిన చెనిగ్గింజల్లోంచి గుప్పెడు తీసి నా పక్కన పెట్టింది.

మెడపట్టీ దగ్గర చాలా కష్టమైంది. మెడకు ఏది తగిలినా కింద పడి గిలగిలా కొట్టుకునేది. అందుకని కొన్నాళ్లు పట్టీని దాని తిండిగిన్నె కింద పెట్టాను. తర్వాత గిన్నె పక్కన. తర్వాత తింటున్నప్పుడు వీపు మీద వేశాను. ఆఖరికి ఒకరోజు మెడ మీద వదులుగా వేసి, "కూకో" అంటే, వణుకుతూనే కూర్చుంది. నేను బకిల్ పెట్టేదాకా కూర్చునే ఉంది. నాకు కళ్లనీళ్లొచ్చింది ఆ రోజు. ఇంత నమ్మేదాన్నా పెద్నాయనా నువ్వు తీగతో కట్టేసి వచ్చింది అని నా కోపం ఇంకో మెట్టు ఎక్కింది.

చలికాలం వచ్చేసరికి నీలం ఒళ్లు నిగనిగలాడుతూ నా పక్కనే వీధిలో నడిచేది. బస్సులకు, లారీలకు, పిల్లకాయలకు అన్నిటికీ ఇంకా బెదిరేది. ఒక్క పెద్నాయనకు మాత్రం బెదిరేది కాదు. ఆయన కనబడితే నిలబడిపోయేది. మొరిగేది కాదు. వీపు మీద వెంట్రుకలు లేచి, పళ్లు కనబడేవి. ఒకరోజు పొద్దున్నే ఆయన మామూలుగా మా తిన్నె ఎక్కబోతే అది మెట్టు మీద అడ్డం నిలబడింది. ఊరి పెద్దమనిషి, తమ్ముడి ఇంటి ముందు, పంచె చేత్తో పట్టుకుని వీధిలో నిలబడిపోయాడు. ఎదురు టీ అంగట్లో కూర్చున్నవాళ్లలో ఒకడు, "ఏమప్పా, నీ తోట కుక్కే నిన్ను గుర్తు పట్లేదా?" అన్నాడు. ఇంకొకడు, "గుర్తు పట్టబట్టే గదబ్బా!" అన్నాడు. అంగడంతా నవ్వింది. నేను కావాలనే కొంచెం ఆలస్యంగా "నీలం, రా" అన్నాను.

ఆయన తిన్నె ఎక్కి కూర్చుని, మెత్తగా మా నాయనతో, "ఆ కుక్కని గూడూరు పోయే నిమ్మకాయల లారీ ఎక్కించి యాడన్నా ఇడ్సిపెట్టమని సెప్పురా," అన్నాడు. "నీలం యాడికీ పోదు పెద్నాయనా," అన్నాను నేను. ఆయన నవ్వాడు. "పోదులే. నువ్వంత మురిపెంగా సాక్కుంటా ఉండావు. కానీ కుక్కకి దాని నోరే శత్రువు మే. రుచి తగిలితే ఎవురు పెట్టినా తినేస్తాది," అన్నాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. మాకు ఆ మాట అర్థం కాకపోలేదు. అంతకు ముందు ఆ వీధిలోనే ఒకరి కుక్క ఆయన కాలి పిక్క పట్టుకుంది. నాలుగు రోజులు తిరక్కముందే నోట్లో నురగ కక్కి చచ్చింది. దాని పక్కన మాంసం తునకలు పడి ఉన్నాయి. ఎవరు వేశారో అందరికీ తెలుసు, ఎవరూ అడగలేదు.

అప్పటి నుంచి నాకు ఒకటే పని. నా నోటి మాట లేకుండా నీలం ఏదీ తినకూడదు. తింటే చస్తుంది. సంగటి తునక నేల మీద పెట్టి, "ఉండు" అని దాని మీద అరచెయ్యి మూసేదాన్ని. మూతితో పొడిచేది, కాలితో గీరేది, మూలిగేది. అది వెనక్కి తగ్గి నా ముఖం చూసినప్పుడు చెయ్యి తీసి "తిను" అనేదాన్ని. తర్వాత చెయ్యి మూయకుండా. తర్వాత నేను లేచి నిలబడి. తర్వాత అవ్వ విసిరింది, అమ్మ విసిరింది, పాలవాడి చేత బన్ను వేయించాను, మా వీధి పిల్లకాయలతో ఎండు చేపలు వేయించాను. పెట్టిందెవరైనా నీలం ముందు నా వైపు చూడాలి. "ఉండు" అంటే కారే చొంగ కారుతుండగానే కూర్చోవాలి. అలా కూర్చున్నప్పుడు, కింద ఉన్నదానికంటే మంచిది నా చేతిలోంచి దొరికేది. అవ్వ తిన్నె మీద కూర్చుని వక్కాకు నములుతూ చూసేది. ఎందుకు నేర్పుతున్నానో నన్ను ఒక్కసారీ అడగలేదు. పెద్నాయన ఆమెకు తొలిచూలు కొడుకు. ఆమెకు నేను చెప్పాల్సిన పనేముంది?

ఒక్కదానితో మాత్రం నేర్పలేదు. ప్రసాదంతో. మా ఇళ్లల్లో ప్రసాదం చేతికొస్తే కళ్లకద్దుకుని నోట్లో వేసుకోవడమే. వద్దనేది లేదు, తర్వాత తింటాననేది లేదు. దాన్ని నేల మీద పెట్టి "ఉండు" అనడానికి నాకు నోరు రాలేదు. గుడి నుంచి ఎవరు ఏం తెచ్చినా నీలానికి కూడా చిటికెడు నేరుగా నోట్లో పెట్టేవాళ్లం. ఈ పద్ధతి మా ఊళ్లో ఇంటింటికీ తెలుసు. ఆయనకూ తెలుసు.

ఎండాకాలంలో ఊరి గంగమ్మ జాతర జరిగింది. మరునాడు పొద్దున మా తిన్నె మీద అవ్వ, నాయన, టీ అంగటివాళ్లు, వీధిలోని ఆడవాళ్లు కూర్చుని జాతర ముచ్చట్లు చెప్పుకుంటున్నారు. పెద్నాయన నుదుట ఇంత కుంకం పెట్టుకుని, గిన్నె నిండా బెల్లం పొంగలి తెచ్చాడు. అందరి చేతుల్లోనూ తానే పెట్టాడు. అందరూ కళ్లకద్దుకుని తిన్నారు. తర్వాత తువ్వాల్లోంచి మడిచిన అరిటాకు ఒకటి తీసి, విప్పి, నీలం ముందు పెట్టాడు. "దానిగ్గూడా అమ్మోరి ప్రసాదం. పాత కోపాలెందుకులే," అన్నాడు. ఆడవాళ్లు "ఎంత మంచి మాట!" అన్నారు. నేను అప్పుడే లోపలి నుంచి చెంబుతో నీళ్లు తెస్తున్నాను. నీలం ముక్కుకు నెయ్యి వాసన కొట్టింది. ప్రసాదానికి ఆగే పని లేదని దానికి అలవాటు. మూతి ముందుకు చాచింది.

"ఉండు," అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదనుకున్నాను. నీలానికి వినిపించింది. చాచిన మూతి వెనక్కి తీసుకుని, కూర్చుని, నా ముఖం చూసింది.

"ఏంది మే, అమ్మోరి ప్రసాదాన్ని వద్దంటావా? కండ్లు పోతాయి," అన్నాడు పెద్నాయన. తిన్నె మీదివాళ్లు కూడా "తప్పుమ్మా, తప్పు," అన్నారు. నిజంగా ప్రసాదమే అయితే? కానీ అందరికీ ఒకటే గిన్నె అయినప్పుడు, దీనికి వేరే ఆకు ఎందుకు? గిన్నె అడుగున ఇంకా పొంగలి ఉండనే ఉంది.

"వద్దనలేదు పెద్నాయనా. అమ్మోరి ప్రసాదాన్ని ఎవురు వద్దంటారు?" అన్నాను. "ఆ ఆకులోది నువ్వొక ముద్ద తిను. నువ్వు తిన్నంక దాన్ని తినమంటా."

"నేను గుళ్లోనే తినేసినా."

"ఇంకొక ముద్ద తింటే అమ్మోరేమన్నా వద్దంటాదా?"

"కుక్క ముందర పెట్టింది నన్ను తినమంటావే!"

"అది మూతి పెట్టలేదు గదా. అందరూ సూసినారు."

తిన్నె మీదివాళ్లంతా ఆకు వైపు చూశారు. ఆయన కాలు ఒకసారి కదిలింది, ఆకును తన్నేద్దామనే కదిలింది. నలుగురి ముందూ ప్రసాదాన్ని కాలితో ఎట్లా తంతాడు? ఆ కాలు అక్కడే ఆగిపోయింది. అప్పుడు అవ్వ వక్కాకు ఉమ్మేసి, "తినరా పెద్దోడా," అనింది. ఆయన కదల్లేదు. "సరే. అమ్మోరి ప్రసాదం మట్టిలో పోగూడదు. నేను తింటా," అంటూ అవ్వ స్తంభం పట్టుకుని మెల్లగా తిన్నె దిగింది. నీలం పక్కన కింద కూర్చుంది. ఆకులోంచి ముద్ద తీసి కళ్లకద్దుకుంది. నోటి దాకా తెచ్చింది.

"వద్దుమా!" అని ఒక్క కేక పెట్టి పెద్నాయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ముద్ద మట్టిలో పడిపోయింది.

"ఎందుకురా వద్దు?" అనింది అవ్వ.

వీధి వీధంతా ఆయన ముఖం చూస్తోంది. ఆయన కేకకు నీలం వణికిపోతోంది, అయినా లేవలేదు. ఉండు అన్నాను కదా, ఉంది. నేను దాని మెడ మీద చెయ్యి వేసి ఆయన కళ్లలోకి చూశాను. ఆయన కళ్లు దించుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన నా ముందు కళ్లు దించుకున్నాడు. అంతకంటే తియ్యనిది నేను ఇప్పటిదాకా రుచి చూడలేదు, అబద్ధమెందుకు.

అవ్వ నాయనతో గొయ్యి తీయించి, ఆకును పూడ్పించి, సబ్బు పెట్టి చేతులు మళ్లీ మళ్లీ కడుక్కుంది. "ఈ పొద్దు నుంచి నీ ఇంటి మెతుకు నాకొద్దు," అని పెద్ద కొడుకుతో అనింది. అన్న మాట మీదే ఉంది. పండగలకు పెద్దమ్మ తెచ్చే గిన్నెలు తెచ్చినట్టే తిరిగిపోయేవి. మరునాటి పొద్దున ఆయన మా తిన్నెకు రాలేదు. నాయన కాసేపు వీధి వైపు చూసి, కుర్చీలో కూర్చుని కాఫీ తాగాడు. ఊరు పెద్నాయనకు పొంగలప్ప అని పేరు పెట్టింది. ఎదురుగా ఎవరూ అనలేదు గానీ, తోట గుత్తల దగ్గర, టీ అంగట్లో, పెళ్లిళ్లలో అదే పేరు. అవ్వ పోయే ముందు పెద్ద కొడుకు కదా అని ఆయన చేతికి తులసి నీళ్లు ఇచ్చారు. ఆయన స్పూను పెదాలకు ఆనించగానే అవ్వ పళ్లు బిగించుకుంది. నాయన పోస్తే మింగింది.

నేను మాత్రం అంతటితో వదిలానా? వదల్లేదు. పెళ్లయ్యేదాకా రోజూ సాయంత్రం నీలాన్ని తీసుకుని ఆయన ఇంటి ముందుకు పోయేదాన్ని. సరిగ్గా ఆయన తిన్నెకు ఎదురుగా "కూకో" అనేదాన్ని. కూర్చునేది. "ఉండు" అనేదాన్ని. ఉండేది. ఆయన కుర్చీలోంచి లేచి లోపలికి పోయేదాకా ఇద్దరం అక్కడే ఉండేవాళ్లం. వాన పడినా పోయేదాన్ని. తిరుపతికి కాపురానికి వచ్చేటప్పుడు నీలాన్నీ తెచ్చుకున్నాను. ముసలిదై, పళ్లు ఊడి, నా మంచం కింద పడుకుని పోయింది. ఆఖరి రోజున కూడా గిన్నె ముందు పెడితే నా వైపే చూసింది.

ఇప్పుడు మా అమ్మాయి తిరుపతిలోనే ఒక అపార్ట్‌మెంటులో ఉంటుంది. రోడ్డు మీద దొరికిన కుక్కను తెచ్చి పెంచుకుంటోంది. దానికి నేర్పడానికి ఒక ట్రైనర్ వస్తాడు. నడుముకు బిస్కెట్ల సంచి కట్టుకుని సిట్ అంటాడు, స్టే అంటాడు. మంచి పిల్లాడే, చెయ్యి ఎత్తడు, గొంతు పెంచడు. మా రోజుల్లో కుక్కకు ఇంత మర్యాద ఎవరిచ్చారు! మొన్న వాడు మా అమ్మాయితో, "దీనికి పాత భయాలన్నీ మరిపించాలి మేడమ్, మర్చిపోతే సంతోషంగా ఉంటుంది," అంటుంటే విన్నాను. సరే, కుక్క మర్చిపోవచ్చు. నేను కుక్కను కాదు.

పెద్నాయన కర్మకు పోయాను. పోకపోతే ఎవరూ ఏమీ అనుకునేవాళ్లు కాదు. చేతిసంచిలో తీగ వేసుకుని పోయాను. ఊరి బయట పిండాలు పెట్టి, ఆయనకు ఇష్టమైనవన్నీ ఆకులో వడ్డించారు. వడలు, కోడికూర, బెల్లం పొంగలి. కాకి ముట్టాలి. గోడ మీద కాకి ఒకటి వాలింది గానీ దిగి రాలేదు. ఎండ ఎక్కుతోంది. కొడుకు దండం పెట్టి ఏదో మొక్కుకున్నాడు, కోడలు మొక్కుకుంది, మా తమ్ముడు మొక్కుకున్నాడు. కాకి కదల్లేదు. చివరికి పెద్దమ్మ నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. "నువ్వొక మాట సెప్పు మే. కోపం లేదని సెప్పు. నీ మాట కోసమే ఉండాదేమో," అనింది.

పెద్దమ్మ మీద నాకేం కోపం లేదు. అందుకని లేచి ఆకు దగ్గరికి పోయాను. అందరూ పక్కకు జరిగారు. కాకి తల ఒక పక్కకు వంచి, ఆకు వైపు కాకుండా, నా ముఖం వైపు చూసింది. సంచిలో తీగ మీద చెయ్యి వేసి, పెదాలు కదిలీ కదలకుండా ఒక్క మాట అన్నాను.

"ఉండు."

వెనక్కి వచ్చాక పెద్దమ్మ, "సెప్పినావా?" అని అడిగింది.

"సెప్పినా," అన్నాను. కాకి గోడ మీదే ఉంది.